కింది వాటా కరెంటు మీటరు

జక్కయ్య కాలు విరిగింది కిందటేడు జూన్ నెలాఖర్లో. ఆటో నడుపుతూ పడలేదు. ఆటో పక్కన పెట్టి టీ తాగడానికి నడిచి వెళ్తుంటే వాన నీళ్లలో రాయి మీద కాలు జారింది. ఎడమకాలి ఎముక రెండుచోట్ల విరిగింది. రాడ్డు వేసిన డాక్టరు, ఆరు నెలల దాకా ఆటో తోలే మాట మర్చిపొమ్మన్నాడు. ఆపరేషను ఖర్చు ప్రభుత్వ కార్డు మీద గడిచిపోయింది. గడవాల్సింది ఇల్లు.

జక్కయ్య భార్య హన్నా వాళ్లుండే పటమటలోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఆయా. జీతం తొమ్మిది వేల అయిదొందలు. చల్లపల్లి పక్క పల్లెటూరి పిల్ల, పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ బెజవాడలోనే ఉంది. వయసు నలభై నాలుగు. కూతురు వినీల డిగ్రీ రెండో సంవత్సరం. అద్దె ఏడు వేలు. ఆటోని ఖాళీగా ఉంచడం ఎందుకని జక్కయ్య స్నేహితుడు కృపానందం తీసుకుని తోలుతూ రోజుకి రెండొందల యాభై చేతిలో పెట్టేవాడు. అంతకుముందు జక్కయ్య రోజుకి ఏడొందలు తెచ్చేవాడు.

అప్పటిదాకా ఆ ఇంట్లో సరుకులు ఏ రోజువి ఆ రోజే. సాయంత్రం జక్కయ్య డబ్బు తెస్తే వినీల సందు చివర కొట్టుకి వెళ్లి పావు లీటరు నూనె ప్యాకెట్టు, పావుకిలో కందిపప్పు, పది రూపాయల కారప్పొడి తెచ్చేది. రోజూ వచ్చే డబ్బుకి రోజూ కొనడం అలవాటైపోయింది. జులై మొదటి వారంలో హన్నా ఒక పాత నోటుపుస్తకం వెనక పేజీల్లో నెల రోజుల కొనుగోళ్లు గుర్తుకు తెచ్చుకుని రాసి చూసింది. నెలకి నాలుగు లీటర్ల నూనె పావులు పావులుగా కొంటే లీటరు ప్యాకెట్ల ధర కంటే ఎనభై రూపాయలు ఎక్కువ పడుతోంది. పప్పూ అంతే, పంచదారా అంతే.

"లేనోళ్లకే ఎక్కువ రేటన్నమాట," అంది వినీల, తల్లి భుజం మీంచి చూసి.

"లేక కాదు, ఒక్కసారి కొనలేక," అంది హన్నా.

ఆ శనివారం మధ్యాహ్నం స్కూలు వదలగానే సిటీ బస్సెక్కి, టోకు కొట్లుండే వన్ టౌన్ వెళ్లింది. తోపుడుబళ్ల మధ్యనుంచి దారి చేసుకుంటూ నాలుగు కొట్లు తిరిగింది. అందరిదీ ఒకటే మాట, విడిగా ఇవ్వం అని. చివరికి రామకోటేశ్వరరావుగారి నూనెల కొట్లో కాసేపు నిలబడనిచ్చారు. అరవై దాటిన మనిషి, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని కూర్చునుంటాడు.

"డబ్బా తీసుకో, బస్తా తీసుకో. మూడు కేజీలు, నాలుగు కేజీలు అంటే కుదరదమ్మా," అన్నాడు.

డబ్బా రెండు వేలు దాటింది. హన్నా దగ్గర అంత లేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆలోచించుకుని, సోమవారం పొద్దున స్కూల్లో గిన్నెలు కడిగేచోట తోటి ఆయా తెరేసమ్మతో చెప్పింది. తెరేసమ్మ ఇంకో ముగ్గురిని కలిపింది. అయిదిళ్లు. తలా నాలుగొందల యాభై వేసుకుంటే నూనె డబ్బా ఒకటి వస్తుంది, ఇంటికి మూడేసి కేజీలు పంచుకోవచ్చు.

తర్వాతి శనివారం డబ్బు చేతిలో పట్టుకుని వెళ్తే కొట్లో రెండు రకాల డబ్బాలున్నాయి. ఒకే కంపెనీ, ఒకే బొమ్మ. ఒకటి రెండు వేల రెండొందల యాభై, ఇంకోటి రెండు వేల ఎనభై. తలా ముప్పై నాలుగు మిగులుతాయని హన్నా తక్కువ ధరదే తీసుకుంది. కృపానందం ఆటోలో వేసుకొచ్చాడు.

ఆదివారం చర్చి అయ్యాక నలుగురూ క్యాన్లు పట్టుకుని వచ్చారు. హన్నా కాటా అరువు తెచ్చింది. మూడు కేజీల చొప్పున నాలుగు క్యాన్లు నింపి వాళ్లని పంపించేసి, అయిదో క్యానులో మిగిలింది వంచుకుంటే కేజీన్నర పైచిలుకు వచ్చింది. డబ్బా తలకిందులు చేసి పెట్టి అరగంట ఆగింది. ఇంకో చెంచా కారింది, అంతే.

"కారిపోయిందేమో ఆటోలో," అన్నాడు మంచం మీంచి జక్కయ్య.

"సీలు నేనే తీశాను కదండీ."

"మరి నలుగురికీ ఫోన్ చేసి చెప్పు, తలా కాస్త తగ్గించుకుంటారు."

హన్నాకి అది ఇష్టం లేకపోయింది. తనే తెస్తానంది, తనే తూచింది. మొదటిసారే నూనె వెనక్కి పొయ్యమంటే రెండోసారి ఎవరు డబ్బిస్తారు? ఎవరికీ చెప్పకుండా ఆ నెల కూరల్లో నూనె సగానికి తగ్గించింది. కానీ ఆ శనివారం ఖాళీ డబ్బా సంచిలో వేసుకుని వన్ టౌన్ వెళ్లింది.

రామకోటేశ్వరరావుగారు డబ్బా తిప్పి, కింద అంచు దగ్గర అక్షరాల మీద వేలు పెట్టాడు. "చదువు."

"పదిహేను లీటర్లు."

"ఆ. నువ్వు కేజీలనుకున్నావ్. లీటరు నూనె తూకంలో తొమ్మిదొందల పది గ్రాములే ఉంటుంది. పదిహేను లీటర్లంటే పదమూడున్నర కేజీలు, ఆ పైన కాస్త. నువ్వొదిలేసిన రెండో డబ్బా ఉంది చూడు, అది పదిహేను కేజీలు."

హన్నా అక్కడే నిలబడి సెల్ ఫోన్లో లెక్క వేసింది. తక్కువ ధర అని తీసుకున్న డబ్బా కేజీకి నూట యాభై రెండు పైన పడింది. ఎక్కువ ధరది సరిగ్గా నూట యాభై.

"మరి ఆ రోజు చెప్పలేదేంటండీ?" అంది.

"నువ్వు అడగలేదు కదమ్మా," అన్నాడాయన. అని, ఆమె ముఖం చూసి కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. "సరే. అడిగేవాళ్లు తక్కువ, మాకు చెప్పే అలవాటు తప్పిపోయింది. ఇకనుంచి ఏది కొన్నా కేజీకి ఎంత పడుతుందో చూసుకుని కొను. నేను చెప్పినా సరే, నువ్వు చూసుకో."

ఆ మాట హన్నా పట్టుకుంది. పప్పు, చింతపండు, సబ్బులు, బట్టల పౌడరు, ఏది చూసినా ముందు ప్యాకెట్టు వెనక్కి తిప్పి తూకం చదివేది. పెద్ద ప్యాకెట్టు ప్రతిసారీ చవక కాదని కూడా తెలిసింది. ఒక బట్టల పౌడరు నాలుగు కేజీల సంచి కంటే రెండు కేజీల సంచులు రెండు కొంటేనే పదిహేను రూపాయలు తక్కువ.

ఆగస్టు డబ్బా పదిహేను కేజీలదే తెచ్చింది. ఆ ఆదివారం తెరేసమ్మ మిగతావాళ్ల కంటే ముందే వచ్చి, క్యాను కింద పెట్టకుండా నిలబడింది.

"ముందు నీది పోసుకో హన్నక్కా."

"ఎందుకు?"

"కిందటిసారి మర్నాడు మీ ఇంటికొచ్చి, మంచినీళ్లకి వంటింట్లోకి వెళ్లినప్పుడు నీ క్యాను చూశాన్లే, సగమే ఉంది. అడిగితే బాధపడతావని ఊరుకున్నా."

హన్నా డబ్బా దగ్గరికి లాక్కుంది. ముందు తన క్యాను నింపుకుంది.

సరుకుల మీద నెలకి ఆరొందల దాకా తగ్గింది. తగ్గనిదల్లా కరెంటు బిల్లు.

వాళ్లుండేది డాబా ఇంటి కింది వాటా. పైన ఇంటివారు సీతారావమ్మగారు ఒక్కరే ఉంటారు. డెబ్భై రెండేళ్లు. భర్త వెంకటసుబ్బారావుగారు పోయి ఆరేళ్లయింది. ఆయన చేసిన ఉద్యోగం మీద వచ్చే కొద్దిపాటి పింఛను, కింది వాటా అద్దె, అవే ఆవిడకి ఆధారం. హన్నావాళ్లు ఆ ఇంట్లోకి వచ్చి మూడేళ్లు. అద్దె అయిదో తారీఖు దాటకుండా ఇవ్వడం, ఆవిడ అప్పుడప్పుడు కాసిని మామిడికాయ ముక్కలు పంపడం, అంతవరకే మాటలు.

కింది వాటా బిల్లు నెలకి వెయ్యి, వెయ్యిన్నూట యాభై వచ్చేది. రెండు ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ, నాలుగు లైట్లు ఉన్న ఇల్లు. హన్నా లైట్లన్నీ మార్చింది. ఇస్త్రీ వారానికోసారి చేసింది. ఒకరు గదిలోంచి లేస్తే ఫ్యాను ఆపాల్సిందే అంది. వినీల పగలు చదువుకోవడానికి గుమ్మం దగ్గరికి మారింది. ఇన్ని చేస్తే ఆగస్టు బిల్లు తొమ్మిదొందల నలభై.

"మీటరు తిరుగుడు ఎక్కువేమో," అన్నాడు జక్కయ్య.

హన్నా మెట్ల కింద ఉన్న మీటరు దగ్గరికి రోజూ పొద్దున స్కూలుకి వెళ్లేముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి వెళ్లి అంకెలు రాసుకోవడం మొదలుపెట్టింది. వారం రాసినా ఏమీ అర్థం కాలేదు. రోజుకి ఆరు యూనిట్లు. ఎక్కడ పోతున్నాయో తెలియదు.

సెప్టెంబరులో హన్నా పెదనాన్న జ్ఞాపకార్థ కూటానికి ముగ్గురూ చల్లపల్లి వైపు వెళ్లారు. జక్కయ్యకి అప్పటికి కట్టు తీసేశారు, చేతికర్రతో నడుస్తున్నాడు. రెండు రోజులు ఉండాలి కాబట్టి హన్నా ఫ్రిజ్ ఖాళీ చేసి ప్లగ్గు పీకింది. ఒక్కో గదీ తిరిగి స్విచ్చిలన్నీ ఆపింది. వెళ్తూ వెళ్తూ మీటరు అంకె రాసుకుంది.

తిరిగొచ్చి తాళం తీయకముందే మెట్ల కిందికి వెళ్లి చూసింది. అయిదు యూనిట్లు తిరిగింది.

వినీల పుస్తకం తీసుకుని ఒక అంకెలోంచి ఇంకోటి మళ్లీ తీసేసి చూసింది. అయిదే.

"ఎవరో వాడుతున్నారమ్మా," అంది.

మర్నాడు సెలవు. పదింటప్పుడు పైన మోటారు వేసిన చప్పుడైంది. బోరు నుంచి డాబా మీది ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు అది. ఇంటి వెనక గోడ పక్కన ఉంటుంది, స్విచ్చి పైన సీతారావమ్మగారి వరండాలో. మీటరు ఎదురుగా నిలబడ్డ హన్నాకి అంకెల పక్కన ఎర్ర లైటు గబగబా కొట్టుకోవడం కనబడింది. మెయిన్ కిందికి దించింది. మోటారు చప్పుడు ఆగిపోయింది. పైకెత్తింది. మళ్లీ మొదలైంది.

లోపలికి వచ్చి చెబితే జక్కయ్య చేతికర్ర పక్కన పెట్టి మంచం మీద కూర్చున్నాడు. తర్వాత, "ఊరుకో హన్నా," అన్నాడు. "నెలకి నాలుగొందలేగా. ఆవిడ్ని అడిగితే దొంగతనం అంటగట్టినట్టుంటుంది. ఖాళీ చెయ్యమంటే? ఈ కాలుతో నేను సామాన్లు ఎత్తగలనా? ఏడు వేలకి ఈ చుట్టుపక్కల ఇల్లు దొరుకుద్దా?"

"అద్దె అద్దెలాగే ఇద్దాం. ఆవిడ మోటారుకి మనమెందుకు కట్టడం?"

"ఆ నీళ్లు మనమూ వాడుకుంటున్నాంగా."

"వాడుకుంటే సగం కడదాం. చెప్పి కట్టించుకోమనండి."

మధ్యాహ్నం దాకా ఆలోచించుకుని హన్నా పైకి వెళ్లింది. మోటారు వైరు గురించి ఏమీ అనలేదు.

"మామ్మగారూ, మోటారు వేసి ఒక్కసారి కిందికి రాగలరా? మీకొకటి చూపించాలి."

సీతారావమ్మగారు కమ్మీ పట్టుకుని మెల్లగా దిగింది. హన్నా మీటరు దగ్గర నిలబెట్టి మెయిన్ దించింది. చప్పుడు ఆగింది. ఎత్తింది. ఆవిడకి వెంటనే తెలిసింది. అయినా, "ఇంకోసారి కట్టెయ్," అంది. హన్నా కట్టేసింది. ఆవిడ చెవి అటు పెట్టి వింది.

"మా ఆయన అలాంటి పనులు చేసే మనిషి కాదు," అంది చివరికి.

"ఆయన చేశారని నేననలేదండీ. మోటారు వైరు మా మీటర్లో ఉందని చూపించాను, అంతే."

"అన్నట్టే కదమ్మా అది."

ఇంకో మాట లేకుండా ఆవిడ పైకి వెళ్లిపోయింది. ఆ రోజు మళ్లీ మోటారు వేయలేదు. మర్నాడు పొద్దున కింద కుళాయిలో చుక్క రాలేదు. హన్నా, వినీల వీధి కుళాయి నుంచి బిందెలతో తెచ్చుకున్నారు. మూడో బిందెకి జక్కయ్య గుమ్మంలో కర్ర ఆనించి నిలబడి, "చెప్పానా?" అన్నాడు. హన్నాకి కోపం వచ్చింది, భయమూ వేసింది. మేడ మీద ఆవిడ కూడా నీళ్లు లేకుండానే ఉందన్న సంగతి తర్వాత తట్టింది. ఒక బిందె తీసుకెళ్లి మెట్ల మీద పై గుమ్మం ముందు పెట్టి వచ్చింది. సాయంత్రానికి ఖాళీ బిందె కింద మెట్టు మీద ఉంది.

మూడో రోజు ఎలక్ట్రీషియన్ని సీతారావమ్మగారే పిలిపించింది. అతను గోడవెంట వైరు పట్టుకుని వెనక్కీ ముందుకీ తిరిగి అరగంటలో తేల్చాడు. ఇల్లు కట్టినప్పుడు కింది అంతస్తే ఉంది, మీటరూ ఒకటే. మోటారు దానికే కలిపారు. తర్వాత పై అంతస్తు వేసి కొత్త మీటరు తీసుకున్నారు. ఇంటివాళ్లు పైకి మారుతూ మోటారు స్విచ్చి మాత్రం పైకి లాక్కున్నారు. కరెంటు కింది మీటరు నుంచి రావడం ఎవరూ మార్చలేదు.

"మర్చిపోయుంటారండీ," అన్నాడు ఎలక్ట్రీషియన్. "ఇలాంటివి చాలా ఇళ్లలో చూశాను."

సీతారావమ్మగారు మెట్టు మీద కూర్చుండిపోయింది. "మేం పైకి మారాక నీకు ముందు మూడు కుటుంబాలు ఉండెళ్లాయి హన్నా. ఒక్కళ్లూ అడగలేదు."

"వాళ్లకి తెలియదు కదండీ."

"నాకూ తెలియదు," అంది ఆవిడ. "ఆయనకీ తెలియదు. అది నువ్వు నమ్ముతావా?"

"నమ్ముతానండీ," అంది హన్నా. నిజంగానే నమ్మింది.

ఆ పూటే వైరు పై మీటరుకి మార్చారు. అక్టోబరులో కింది వాటా బిల్లు నాలుగొందల ఎనభై వచ్చింది. యూనిట్లు పెరిగేకొద్దీ ఒక్కో యూనిట్ ధర పెరిగే పద్ధతి కాబట్టి, పైన ఉన్న అరవై యూనిట్లు పోయేసరికి సగానికి సగం దిగింది. వినీల ఆ కాగితం తలుపు వెనక అంటించింది.

అయితే పై బిల్లు అదే లెక్కన పెరిగింది. నాలుగొందల యాభై కట్టే ఆవిడకి తొమ్మిదొందల అరవై వచ్చింది. కాగితం పట్టుకుని కిందికి వచ్చి, గుమ్మం బయటే నిలబడి చెప్పింది.

"అద్దె అయిదొందలు పెంచుతానమ్మా వచ్చే నెల నుంచి. నాకు వేరే దారి లేదు."

జక్కయ్య హన్నా వంక చూశాడు. ఇంత చేసి మళ్లీ మొదటికే. హన్నా ఆ కాగితం తీసుకుని అంకెలు చూసింది. ఆవిడ అబద్ధమాడడం లేదు, నిజంగానే బెదిరిపోయింది.

"మామ్మగారూ, మోటారు రోజుకి ఎన్నిసార్లు వేస్తారు?"

"మూడుసార్లు. ఒక్కోసారి నాలుగు. ట్యాంకు నిలవదు."

"వెయ్యి లీటర్ల ట్యాంకు కదండీ. మనం నలుగురమే. రోజుకి ఒకసారి చాలదా?"

"ఏమో. ఎప్పటినుంచో అంతే."

హన్నా పైకి వెళ్తానంది. ఈ మూడేళ్లలో వరండా దాటి లోపలికి వెళ్లడం అదే మొదలు. ట్యాంకు చుట్టూ తడి లేదు. కుళాయిలన్నీ గట్టిగానే ఉన్నాయి. వెనక్కి వస్తుంటే బాత్రూములో సన్నగా ఏదో చప్పుడు వినబడి ఆగింది. ఫ్లష్ ట్యాంకు లోంచి నీళ్లు సన్నని పొరలాగా కమోడులోకి దిగుతున్నాయి. ఆగడం లేదు. ఆవిడకి చెవులు మందం, ఎప్పుడూ వినలేదు.

"ప్లంబరుని పిలిస్తే అయిదొందలంటాడు," అంది సీతారావమ్మగారు.

"వాషరు తెస్తే నేను వేస్తానండీ," మాటలు వినబడి కింద నుంచి జక్కయ్య అరిచాడు. అతనికి ఆటో రిపేరు తెలుసు, ఇది తెలియకేం.

డాక్టరు మెట్లెక్కడం మొదలుపెట్టమని అప్పటికే చెప్పాడు గానీ జక్కయ్యకి ధైర్యం చాలలేదు. ఆ రోజు ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి ఆగుతూ పద్దెనిమిది మెట్లెక్కాడు. కృపానందం తెచ్చిచ్చిన రబ్బరు వాషరు, లోపలి ప్లాస్టిక్ ముక్క కలిపి నూట అరవై రూపాయలు. కుర్చీలో కూర్చుని ఇరవై నిమిషాల్లో బిగించాడు. చొక్కా తడిసిపోయింది. చప్పుడు ఆగాక సీతారావమ్మగారు ఇద్దరికీ కాఫీ కలిపింది. జక్కయ్య దిగడానికి ఎక్కినదానికి రెట్టింపు సమయం పట్టింది, కానీ మర్నాడు పనేం లేకపోయినా మళ్లీ ఎక్కాడు.

ఆ తర్వాత మోటారు రోజుకి ఒకసారి, నలభై నిమిషాలు. నవంబరులో పై బిల్లు అయిదొందల యాభై. అద్దె మాట ఆవిడ మళ్లీ ఎత్తలేదు. డిసెంబరు అద్దె ఇవ్వడానికి హన్నా వెళ్తే ఏడు వేలలోంచి అయిదొందల నోటు తీసి వెనక్కిచ్చింది.

"ఇన్నేళ్లదీ లెక్క కట్టి ఇవ్వలేనమ్మా. ఏప్రిల్ దాకా నెలకి అయిదొందలు తగ్గించి ఇవ్వు. నావల్ల అయ్యేది అంతే."

హన్నా వద్దనలేదు. మంచిదండీ అని తీసుకుంది.

జనవరి చివర జక్కయ్య ఆటో మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. మొదట సగం రోజు, ఫిబ్రవరి నుంచి పూర్తిగా. డబ్బు రోజూ వస్తున్నా హన్నా రోజూ కొనడం మానేసింది. నూనె డబ్బాతో మొదలైన పని అప్పటికి బియ్యం, కందిపప్పు, చింతపండు దాకా వచ్చింది. సీతారావమ్మగారు కూడా కలిసింది గానీ, ఆవిడకి వేరుశనగ నూనె తప్ప ఇంకోటి పనికిరాదు. దానికోసం విడిగా అయిదు కేజీల క్యాను తేవాలి. మార్చి నాటికి తన ఇల్లు కాక పదకొండిళ్లయ్యాయి. ప్రతి నెలా రెండో శనివారం మధ్యాహ్నమంతా హన్నా వన్ టౌన్‌లోనే ఉండేది, ఆదివారం సాయంత్రం తూకం దగ్గర.

ఒక ఆదివారం అందరూ ఉండగా తెరేసమ్మ అంది, "నువ్వు ఊరికే చెయ్యకు హన్నక్కా. ఇంటికి ముప్పై రూపాయలు తీసుకో. బస్సు ఖర్చులున్నాయి, నడుం పడిపోతోంది నీకు."

"మనలో మనకేంటే," అంది హన్నా.

"మనలో మనమనే ఇస్తున్నాం. బయటోళ్లయితే అడిగి తీసుకునేవాళ్లు."

హన్నా రెండు రోజులు ఆలోచించింది. జక్కయ్యని అడిగితే నీ ఇష్టం అన్నాడు. వినీలని అడిగితే, తీసుకోవడానికి సిగ్గెందుకమ్మా అంది. మంగళవారం స్కూల్లో తెరేసమ్మకి సరేనని చెప్పింది. అయితే సీతారావమ్మగారి దగ్గర మాత్రం తీసుకోనంది. ఆ సంగతి విని ఆవిడ కోప్పడి, తన ముప్పై తనే పంపింది.

మొదటి నెల మూడొందల ముప్పై వచ్చాయి. హన్నా పటమట సెంటర్లో చెప్పుల కొట్టుకి వెళ్లి, నాలుగు జతలు వేసి చూసుకుని, మెత్తటి అడుగు ఉన్న చెప్పులు రెండొందల తొంభైకి కొనుక్కుంది. పాతవి కొట్లోనే వదిలేసి కొత్తవి వేసుకుని నడుచుకుంటూ ఇంటికి వచ్చింది.